పన్నెండో బోల్టు

మీటరుకి ఒక అసలు పేరుంది. గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా పని దొరక్క అది అక్కడే ఉండిపోయింది. జనం పెన్ను పెట్టుకునే జేబులో ఇతను కరెంటు కొలిచే మీటరు పెట్టుకుని తిరుగుతాడు. అందుకని ముప్ఫయ్యేళ్ళుగా వీధి మొత్తానికీ అతను మీటరే. భార్య మామూలుగా ‘ఏవండీ’ అంటుంది. ‘మీటరుగారూ’ అందంటే మాత్రం ఇంట్లో ఫ్యూజు పోయినట్టే లెక్క.

చదువు తొమ్మిదో తరగతితో సరి. తను మానలేదనీ, బడిగంటకి వైరు మార్చి బడి మొత్తాన్నీ గంట ముందే ఇంటికి పంపినందుకు వాళ్ళే వద్దన్నారనీ అతను చెబుతాడు. లెక్కల మాస్టారు ఉన్నన్నాళ్ళూ వేరే కారణం చెప్పేవాడు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి మీటరు చెప్పిందే చరిత్ర.

కార్లలో కరెంటు పని అతనిది, కోతలు కొయ్యడం అలవాటు. ఒకసారి ఫోనులో హారను మోత విని, ఆ లారీకి వెనక కుడివైపు లైటు పోయిందని చెప్పాడట. ఇంకోసారి ఒక జీపుకి ఇగ్నిషన్ బాగుచేస్తే, తాళం తీసేశాక కూడా అది ఆగక, మూడు వీధులు దాటి దానంతటదే యజమాని ఇంటికి పోయి గేటు ముందు హారను కొట్టిందట. ఆ జీపు మొదట్లో మూడు వీధులే దాటేది. ఈమధ్య ఒక వంతెన కూడా దాటుతోంది.

దుకాణం ఇస్త్రీ కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది. అందులో ఎవరైనా తుమ్మితే రెండు పక్కలవాళ్ళూ ముక్కు తుడుచుకుంటారు. ముందు నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో ఒకటే వాక్యం: ‘ఇక్కడ చేసిన పని తిరిగి రాదు.’ బాగుచేసిన బండి అదే జబ్బుతో మళ్ళీ ఈ గుమ్మం తొక్కదని అతని భావం. ఇచ్చిన బండే తిరిగి రాదేమోనని మొదట్లో కొందరు భయపడ్డారు గానీ, తరవాత అలవాటు పడ్డారు.

కోతలన్నీ నోటితోనే. చేతికి అవి అంటవు. కారులో ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకీ కరెంటు ఒక వైరు వెంట వస్తుంది, కారు ఒంటి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి పోతుంది. ఆ తిరుగుదారిని ఇనుముకి కలిపేది ఎర్త్ బోల్టు. దాని కింద రంగు, తుప్పు ఏమీ ఉండకూడదు. “ఇనుము నవ్వేదాకా గీకాలి” అంటాడు మీటరు, గరుకు కాగితంతో రుద్దుతూ. ఇనుము నవ్వాక బోల్టు బిగించి, గుర్తుగా దాని తల మీద గోళ్ళరంగు చుక్క ఒకటి పెడతాడు. ముదురు ఎరుపు. భార్యది. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఒక సీసా అడుగుదాకా వాడుకున్న పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఒక గురువారం పొద్దున తన దుకాణాన్నే పందెం కాశాడు.

పందెం కాసింది బావతో. బావంటే మీటరు అక్క మొగుడు. ఆరు కార్లని ఒకేసారి పైకెత్తగల షెడ్డు ఆయనది. రంగులు వేసే గది ఉంది, కారు లోపలి కంప్యూటరుతో మాట్లాడే స్కానరు ఉంది, పనివాళ్ళ చొక్కాల మీద ఎవరి పేరు వాళ్ళకి కుట్టించి ఉంది. బామ్మర్దిని తెచ్చి ఆ స్కానరు ముందు కుర్చీలో కూర్చోబెట్టాలని పదేళ్ళుగా ఆయన కోరిక. మీటరు కొలతలకి చొక్కా కూడా ఎప్పుడో కుట్టించి బీరువాలో పెట్టాడు.

ఆ పొద్దున మీటరు అక్కవాళ్ళింటికి టీకి వెళ్తే బావ స్కానరు తెర చూపించాడు.

“పళ్ళ డాక్టరమ్మ కారు. పొద్దున్నే వెళ్ళి చూసొచ్చాను. బటన్ నొక్కితే స్టార్టు కాదు, స్టీరింగు కదలదు. స్టీరింగు తాళం పోయింది.”

“పోయిందని నీ డబ్బా చెప్పిందా?”

“తాళం జవాబివ్వడం లేదని చెప్పింది.”

“జవాబివ్వకపోతే పోయినట్టేనా బావా? మా అక్క నీతో మూడ్రోజులు మాట్లాడకపోతే కొత్తది తెస్తావా?”

బావ లోపలి గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “కంపెనీవాళ్ళు శనివారం సాయంత్రం ఐదింటికి లారీ పంపిస్తున్నారు. ఎత్తుకుపోయి స్టీరింగు గొట్టం దగ్గర కోసి కొత్త తాళం వేస్తారు. నెలన్నర పడుతుందట.”

“కొయ్యకుండా, తాళం మార్చకుండా నేను స్టార్టు చేస్తే?”

“చెయ్యలేకపోతే?”

మీటరుకి నోరు ముందు పుట్టింది, ఆలోచన తీరిగ్గా తరవాత పుట్టింది. “చెయ్యలేకపోతే బోర్డు దించేసి, నువ్వు కుట్టించిన చొక్కా తొడుక్కుని సోమవారం నీ స్కానరు ముందు కూర్చుంటా.”

బావ లేచి బీరువా తెరిచి, చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ మడత చెడలేదు. “నువ్వు గెలిస్తే ఈ గుడ్డతో బండ్లు తుడిపిస్తాను. ఆ మాట జన్మలో ఎత్తను.”

ఇంటికొచ్చి చెబితే భార్య కుట్టుమిషను ఆపలేదు. ముందుగదిలో ఆవిడ బట్టలు కుడుతుంది. మాట్లాడేటప్పుడు కూడా కళ్ళు సూది మీదే ఉంటాయి.

“మెడ కొలత ఎంత పెట్టించాడో కనుక్కోండి. మీకు మెడ దగ్గర బిగుతైతే కాలు నిలవదు.”

“నేను ఓడితే కదా.”

“ఓడతారని నేనన్నానా? కొలత అడిగాను.”

దుకాణానికి పోయి షట్టరెత్తితే గ్రీజు, కాలిన వైరు, పక్కకొట్టు ఇస్త్రీ ఆవిరి కలిసిన వాసన ఎప్పటిలాగే ఎదురొచ్చింది. మేకుకి మేకు, వైరు చుట్టకి వైరు చుట్ట, ఎక్కడున్నదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. తను ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు మూసుకుని ఇంటికి పోవాలో చెప్పేవాడు అక్కడ ఎవడూ లేడు. మీటరు మొదటిసారి తన నోటి మీద తనే విసుక్కున్నాడు.

డాక్టరమ్మ కారు ఆస్పత్రి కింద, రెండు కార్లు పట్టే గదిలో ఉంది. ఇద్దరే కూర్చునే రేసు కారు. నిమ్మపండు పసుపు. అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. నలభై దాటినవాడు దిగాడంటే మళ్ళీ లేవడానికి ముందే పథకం వేసుకోవాలి. పైన డాక్టరమ్మ ఎవరి పన్నో తొలుస్తుంటే ఆ రొద సీలింగు గుండా కిందికి దిగుతోంది.

ఆవిడ చేతి తొడుగులు విప్పుకుంటూ మెట్లు దిగి వచ్చింది. “మీటరుగారూ, నా ఆదివారం ఒకటే నాకు మిగిలింది. పొద్దున్నే దీన్ని తీసుకుని ఊరవతలికి పోయి వస్తే వారమంతా ఎవరి నోరైనా చూడగలను. నెలన్నర అంటున్నారు.”

“మీరు ఆదివారం బయల్దేరే టైము చెప్పండి డాక్టరుగారూ. మిగతాది నాకు వదిలెయ్యండి.”

“రంగు మార్చినప్పుడు వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించింది మీరే కదా. అందుకే మీ మీద నమ్మకం.”

ఎనిమిది నెలల కిందటి మాట. బూడిదరంగు కారుని బావ షెడ్డులో లోపలి మూలలతో సహా పసుపు చేశారు. “పన్నెండు ఎర్త్ బోల్టులు” అన్నాడు మీటరు, ఛాతీ రెండంగుళాలు పెంచి. “పన్నెండూ ఈ చేత్తోనే. ఆ వైపు ఇక చూడక్కర్లేదు.”

చూడలేదు కూడా. ఆ ఒక్కవైపు తప్ప అన్నీ చూశాడు.

ఇలాంటి కారుకి తాళంచెవి తిప్పే పని లేదు. చెవి జేబులో ఉంటే చాలు. బ్రేకు తొక్కి బటన్ నొక్కగానే, స్టీరింగు గొట్టాన్ని ఆనుకుని ఉన్న చిన్న మోటారు ఒక ఇనుప మేకుని వెనక్కి లాగుతుంది. మేకు వెనక్కొస్తే స్టీరింగు వదులై, ఇంజనుకి అనుమతి దొరుకుతుంది. మేకు రాకపోతే ఇంజనూ లేవదు. దొంగ కోసం పెట్టిన తాళం ఇప్పుడు యజమానినే బయట నిలబెట్టింది.

మీటరు బటన్ నొక్కాడు. ఎదురుగా దీపాలన్నీ వెలిగాయి. స్టీరింగు బొమ్మ పసుపుగా మిణకరించింది. గొట్టం పక్కన ‘టిక్’ మని, గోడ మీద బల్లి మొహమాటపడ్డట్టు చిన్న చప్పుడు. అంతే.

బ్యాటరీ కొలిచాడు. నిండుగా ఉంది. ఫ్యూజులు బాగున్నాయి. తాళంచెవిలో గుండీ బ్యాటరీ కొత్తది వేశాడు. బ్రేకు తొక్కితే వెనక దీపం వెలుగుతోంది, కాబట్టి బ్రేకు తొక్కిన సంగతి కారుకి తెలుస్తోంది. చక్రం పక్కకి లాగి మేకుని నొక్కిపెడుతోందేమోనని, స్టీరింగుని కుడికీ ఎడమకీ ఊపుతూ బటన్ నొక్కి చూశాడు. స్క్రూడ్రైవరు పిడితో తాళాన్ని సుతారంగా తట్టాడు. బతిమాలాడు. జీపు కథ చెప్పాడు. బల్లి మాత్రం ‘టిక్’ అని ఊరుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం, నడుం రెండుగా మడిచి స్టీరింగు కింద దూరి, తాళానికి వచ్చే వైర్ల మూతి ఊడదీసి మీటరు పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు. రావలసినంతా వస్తోంది. కరెంటు వచ్చి కూడా తాళం తియ్యడం లేదంటే, తాళమే చచ్చినట్టు. బావ స్కానరు ఒక్క నిమిషంలో చెప్పిన మాటకి మీటరు రెండు రోజులు నడుచుకుంటూ వచ్చాడు.

సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. భార్యకి రేపటికి ఇవ్వాల్సిన గౌను ఉంది. అలాంటప్పుడు పనికొస్తుందని మీటరు ఎప్పుడో కుట్టుమిషనుకి కారు బల్బు ఒకటి తగిలించి, పాత బ్యాటరీకి కలిపిపెట్టాడు. రెండు వైర్లు, ఒక బల్బు. కుర్రతనంలో మీటరు కొనే స్తోమత లేనప్పుడు అతని పనిముట్టు అదే. మీటరు కొన్నాక దాన్ని పదిమంది ముందు తియ్యడానికి నామోషీ వేసి ఇంట్లో పడేశాడు.

“బల్బు కునికిపాట్లు పడుతోంది” అంది భార్య.

అతను జేబులోంచి మీటరు తీసి బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన రెండు సీసపు మొలకలకి ఆనించాడు. “నిండుగా ఉంది.”

“నాకు సూది బెజ్జం కనబడటం లేదు.”

“పన్నెండుకి పైనే చూపిస్తోందే.”

“మీ మీటరు కడుపు నిండిందంటోంది, బల్బు ఆకలంటోంది. గౌను కుట్టేది నేను. ఎవర్ని నమ్మమంటారు మీటరుగారూ?”

ఆ పిలుపుకి అతను కుదురుగా కూర్చుని చూశాడు. బ్యాటరీ మొలకకీ వైరు కొక్కేనికీ మధ్య తెల్లటి బూజులాంటిది పేరుకుంది. గీకి బిగిస్తే బల్బు భగ్గుమని వెలిగింది. భార్య గౌను మీదికి వంగింది. మీటరు మాత్రం వెలుగుతున్న బల్బునే చూస్తూ ఉండిపోయాడు.

మీటరు కరెంటుని తాగదు. నాలిక చివర రుచి చూసి వదిలేస్తుంది. దారి ఎంత ఇరుగ్గా ఉన్నా ఆ రుచికి సరిపడా వస్తుంది. తాళంలో మోటారు అలా కాదు, గుటకలు వేసి తాగుతుంది. అది తాగేటప్పుడు దారి చాలుతోందో లేదో తను చూడలేదు.

“ఈ బల్బు రేపు ఒక పూట ఇస్తావా?”

“గౌను అయ్యాక తీసుకోండి. మళ్ళీ తెచ్చి తగిలించాలి సుమా. నా గోళ్ళరంగులాగా చెయ్యద్దు.”

శనివారం పొద్దున మీటరు పసుపు కారులో దిగి, తాళం వైర్ల మూతికి బల్బు తగిలించాడు. అదే మూతి దగ్గర నిన్న మీటరు పన్నెండున్నర చూపించింది. ఇవాళ బల్బు మిణుగురులా ఎర్రగా ఒక్క చుక్క వెలిగి, ఇక నావల్ల కాదంది. తరవాత బల్బు నల్లవైరుని మూతి నుంచి తప్పించి, పొడుగాటి వైరుతో తిన్నగా బ్యాటరీ మైనస్ మొలకకి కలిపాడు. పార్కింగు గది గోడ దాకా వెలుగు పడింది.

కరెంటు వచ్చే దారి బాగుంది. తిరిగిపోయే దారే మూసుకుపోయింది.

నల్లవైరు వెంబడి వేళ్ళు నడిపించాడు. అది స్టీరింగు కింద నుంచి ఎడమ కాలు పెట్టుకునే చోటికి పోయి, తివాచీ కింద దూరి, ఒక మూలకి చేరింది. తివాచీ ఎత్తి టార్చి వేశాడు.

బోల్టు తల మీద ముదురు ఎరుపు చుక్క మెరుస్తోంది.

విప్పాడు. వైరు కొక్కెం కింద నిమ్మపండు పసుపు, అద్దంలా. ఎక్కడా గీత పడలేదు. ఇన్నాళ్ళూ బోల్టు మరల గుండా ఏదో కొంత కరెంటు పాకింది. వానాకాలం తేమకి ఆ మరలు తుప్పుపట్టాక అదీ ఆగిపోయింది.

ఏ రోజు, ఏ క్షణం అన్నది కూడా అతనికి గుర్తొచ్చింది. రంగు గదిలో నలుగురు పెయింటర్లు చుట్టూ కూర్చున్నారు. పదకొండు బోల్టులకి ఇనుము నవ్వేదాకా గీకాడు. పన్నెండోది చేతిలో ఉండగా జీపు వంతెన ఎక్కింది. గేటు ముందు హారను కొట్టేసరికి నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల ఊపులో, కథకి ముగింపు కొట్టినట్టు బోల్టు బిగించి చుక్క పెట్టేశాడు. ఆ రోజు నవ్వాల్సిన ఇనుము ఒక్కటే నవ్వలేదు.

గరుకు కాగితంతో గీకాడు, ఈసారి నోరు మూసుకుని. కొత్త బోల్టు బిగించాడు. బటన్ నొక్కాడు. ‘టక్’ మని మేకు వెనక్కొచ్చింది, స్టీరింగు వెన్నలా తిరిగింది, వెనక ఇంజను ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచింది. పైన పన్ను తొలిచే రొద ఆగింది.

గెలిచాడు. అయినా కారులోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. నడుం సాకు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర భార్య అతని ముఖం చూసింది. “కారు లేవలేదా?”

“లేచింది.”

“మరి కథ ఏది? ఈపాటికి ఆ కారు రెండు వంతెనలు దాటి ఉండాలే.”

అతను జేబులోంచి పాత బోల్టు తీసి కంచం పక్కన పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. చుక్క చూసింది. తన రంగు తనకి తెలియదా.

“ఎవరైనా చూశారా?”

“లేదు.”

“చెప్పకపోయినా కారు నడుస్తుందా?”

“నా కన్నా ఎక్కువ కాలం నడుస్తుంది.”

“అయితే ముద్ద ఎందుకు దిగడం లేదు?”

మీటరు ముద్దని కంచంలోనే అటూ ఇటూ దొర్లించాడు. ఆవిడ బోల్టుని అతని జేబులోనే వేసి, కంచంలో ఇంకాస్త వడ్డించింది. “కథ మీది. ఎలా చెప్పుకుంటారో మీ ఇష్టం. తిని వెళ్ళండి.”

ఐదింటికి లారీ వచ్చింది. లారీ వెనకే చంకలో చొక్కాతో బావ వచ్చాడు. డాక్టరమ్మ మెట్ల మీద నిలబడింది. మీటరు కారులోకి దిగి, బ్రేకు తొక్కి, బటన్ నొక్కాడు. ఇంజను మోతకి లారీ డ్రైవరు నోట్లో బీడీ ఆరిపోయిందని తరవాత మీటరు చెప్పుకున్నాడు గానీ, అతనికి బీడీ అలవాటు లేదు.

డాక్టరమ్మ రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుంది. “ఏం మార్చారు?”

“తాళం మార్చలేదు. ఎడమ మూల ఎర్త్ బోల్టు కింద రంగు ఉండిపోయింది. గీకాను, కొత్త బోల్టు వేశాను.”

బావ ముఖం ముందు పాలిపోయింది, తరవాత ఎర్రబడింది. “రంగు వేసింది మా షెడ్డులోనే. డాక్టరుగారూ, తప్పు మాదే. ఆ పెద్ద పెయింటరు సంగతి ఇప్పుడే చూస్తాను. వాడి నవ్వులూ వాడూ. పని మీద ధ్యాస ఉంటేగా.” అంటూ ఫోను తీసి నంబరు నొక్కాడు.

ఫోను అవతల మోగుతోంది. మీటరు చెయ్యాల్సిన పని ఒకటే: ఊరుకోవడం. జన్మలో ఎప్పుడూ చెయ్యని పని. బోర్డు చక్కగా బోర్డులాగే ఉంటుంది. ఏ పాపం ఎరగని మనిషి మాత్రం చివాట్లు తింటాడు.

“ఫోను పెట్టెయ్ బావా.”

“నువ్వుండు.”

“పెట్టెయ్యమంటున్నాగా. ఆయన రంగు వెయ్యాల్సిన చోట రంగు వేశాడు. గీకాల్సింది నేను. గీకలేదు.” జేబులోంచి బోల్టు తీసి బావ అరచేతిలో పెట్టాడు. “ఈ చుక్క ఎవరిదో నీకు తెలుసు.”

అవతల పెయింటరు ‘అలో, అలో’ అంటున్నాడు. బావ ఫోను కట్టేశాడు. బోల్టు చూశాడు, బామ్మర్దిని చూశాడు.

“ఎలా మర్చిపోయావురా?”

“కథ చెబుతున్నా.”

“ఏ కథ?”

“జీపుది.”

బావ పెదవి బిగబట్టాడు. నిలవలేదు. ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తరవాత పొట్టలోంచి వచ్చింది. చివరికి కారు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. “మూడు వీధులు దాటి ఇంటికొచ్చింది జీపు కాదురా. నీ బోల్టు.”

డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చి మీటరు దగ్గర నిలబడింది. అతను తల ఎత్తలేదు.

“చదువుకునే రోజుల్లో నేను ఒకాయనకి నొప్పి పన్ను వదిలేసి పక్కపన్నుకి మత్తు ఇచ్చాను” అందావిడ. “ఎందుకో చెప్పమంటారా? ఆయన చెప్పే కబుర్లకి నవ్వుతూ. కాకపోతే ఆ సంగతి ఒప్పుకోడానికి నాకు మీకన్నా ఎక్కువ రోజులు పట్టింది. రేపు ఆరింటికి బయల్దేరుతున్నాను. మిగతా పదకొండూ ఓసారి చూసి పెడతారా?”

“ఇప్పుడే చూస్తాను.”

పదకొండూ విప్పాడు. పదకొండింటి కిందా ఇనుము నవ్వుతోంది. ఖాళీ లారీ వెళ్ళిపోయింది. బావ చంకలోని చొక్కా మడత విప్పి, మాటంటే మాటే కాబట్టి, దానితోనే పసుపు కారు అద్దం తుడిచాడు. కొత్త గుడ్డ కావడంతో అద్దం నిండా నూలుపోగులు అంటుకున్నాయి.

ఆదివారం పొద్దున బావ దుకాణం మీదుగా వెళ్తూ ఉలిక్కిపడ్డాడు. నీలం రేకు దిగిపోయి ఉంది. మీటరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

“ఒరేయ్, గెలిచినవాడు బోర్డు దించుతాడా? ఆ చొక్కా తుడిచి తుడిచి గుడ్డపేలిక చేశాను. ఇప్పుడు నీకు వేసేందుకు చొక్కా కూడా లేదు.”

“అబద్ధం వేలాడుతుంటే షట్టరు ఎత్తబుద్ధి కాలేదు బావా. దిద్దుతున్నా.”

వంగి చూస్తే, ‘ఇక్కడ చేసిన పని తిరిగి రాదు’ కింద మీటరు చిన్న కుంచెతో ఇంకో వాక్యం రాస్తున్నాడు. ‘ఒక్కసారి వచ్చింది.’ ముదురు ఎరుపు. సీసా దాదాపు ఖాళీ.

ఇద్దరూ కలిసి బోర్డు ఎత్తి తగిలించారు. ఎడమవైపు కాస్త వంగిందని బావ, వంగలేదని మీటరు కాసేపు వాదించుకున్నారు. ఇస్త్రీ కొట్టాయన వచ్చి కుడివైపు వంగిందన్నాడు.

అప్పటినుంచీ బండి తెచ్చినవాళ్ళంతా ముందు అదే అడుగుతారు, ఆ ఒక్కసారి ఏమైందని. మీటరు పని ఆపి, పనిముట్టు కింద పెట్టి, చేతులు తుడుచుకుని మొదలుపెడతాడు. పని చేస్తూ కథ చెప్పడం ఇప్పుడు మానేశాడు, ఏదో ఒకటే. ఆ బోల్టు కింద రంగు మొదట్లో కాగితమంత మందం ఉండేది. ఈమధ్య బెత్తెడు దాకా పెరిగింది. దాన్ని గీకడానికి రెండు పగళ్ళు పట్టిందనీ, తాళం తెరుచుకున్న చప్పుడికి పైన కుర్చీలో ఉన్న మనిషి పన్ను దానంతటదే ఊడి డాక్టరమ్మ పని తప్పించిందనీ అతను చెబుతాడు. బిగించింది ఎవరన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఒక్క అక్షరం మార్చడు.

ఇంట్లో కుట్టుమిషను మీద బల్బు మళ్ళీ దాని చోటికి చేరింది. పక్కనే కొత్త గోళ్ళరంగు సీసా ఒకటుంది. దాని మీద భార్య కాగితం అంటించి రాసింది: ‘ఇది వేళ్ళకి.’